నాన్న టాలీ పుస్తకంలో అలాస్కా

మా చిన్నప్పుడు ఎవరైనా ఇంటి గుర్తు అడిగితే "ఐస్ హౌస్ దగ్గర" అనేవాళ్ళం. మద్రాసు ట్రిప్లికేన్‌లో, పార్థసారథి గుడికి నాలుగు సందుల అవతల ఒక పోర్షన్‌లో ఉండేవాళ్ళం. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే నాన్న నన్నూ తమ్ముణ్ణీ బీచికి తీసుకెళ్ళేవాడు. దారిలో బీచ్ రోడ్డు మీద గుండ్రటి ముఖంతో ఒక పాత మేడ ఉంటుంది కదా, అదే ఐస్ హౌస్. దానికి ఇప్పుడు వివేకానందర్ ఇల్లం అని పేరు. 1897లో వివేకానందుడు విదేశాల నుంచి తిరిగొచ్చినప్పుడు అందులో తొమ్మిది రోజులు ఉన్నాడు. నాన్న చెప్పే కథ మాత్రం అంతకంటే పాతది.

అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల చలికాలంలో చెరువులు గడ్డకట్టేవి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి ఆ మంచుని రంపాలతో దిమ్మలుగా కోయించి, రంపప్పొట్టులో పొదిగించి, ఓడల్లో మన దేశానికి పంపేవాడు. మొదటి ఓడ 1833లో కలకత్తా చేరింది. బయల్దేరినప్పుడు 180 టన్నుల మంచు, నాలుగు నెలల ప్రయాణం తర్వాత దిగింది సుమారు 100 టన్నులు. మద్రాసులో ఆ మంచు నిల్వ చేయడానికి 1842లో కట్టించిందే మా ఐస్ హౌస్. అప్పటికి మద్రాసుకి హార్బరే లేదు. ఓడ దూరంగా నిలబడితే, మసూలా పడవల మీద సరుకు అలలు దాటి ఒడ్డుకి రావాల్సిందే.

ఇక్కడిదాకా చెప్పి నాన్న ప్రతిసారీ ఆగిపోయేవాడు. "అంతా బాగుంది. లెక్క రాస్తా ఉండగానే కరిగిపోయే సరుక్కి టాలీ ఎట్టా రాశారో, అది తెలీదు నాకు" అనేవాడు.

ఆ ప్రశ్న వేరేవాళ్ళకి తోచదేమో. మా నాన్న హార్బరులో టాలీ క్లర్కు. నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డు పల్లెటూరు నుంచి 1961లో, 21 ఏళ్ళ వయసులో, రేకు పెట్టె పట్టుకుని సెంట్రల్ స్టేషన్‌లో దిగాడు. అప్పటికి మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగ్ కట్టి రెండేళ్ళు. దాన్ని తలెత్తి చూస్తూ నిలబడి బస్సు తప్పిపోయానని చెప్పేవాడు. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్ళు ఓడల పక్కన నిలబడి, దిగే సరుకుని లెక్కపెట్టడమే ఆయన పని. క్రేన్ ఒక్కో స్లింగు, అంటే తాళ్ళతో కట్టిన సరుకు మోపు, దించుతుంటే పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, ఐదు. మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. ఎండలో, వానలో, రాత్రి షిఫ్టులో ఫ్లడ్ లైట్ల కింద, అవే గీతలు.

ఆయనకి ఒక నియమం ఉండేది. కళ్ళతో చూడనిది లెక్కలోకి రాదు. పక్కవాడు "ఒక స్లింగు దిగిందన్నా, నువ్వు అటు తిరిగావు" అన్నా సరే, గీసేవాడు కాదు. సీలు వేసిన పెట్టెల్లో ఏముందో ఎవరూ విప్పి చూడరు కాబట్టి, ఓడ కాగితాల్లో అలాంటి సరుకు ముందు "సెడ్ టు కంటైన్" అని రాస్తారు. లోపల ఫలానాది ఉందని పంపినవాళ్ళు చెప్పారు, మేం చూడలేదు అని దాని అర్థం. పొట్టిగా ఎస్.టి.సి. మా ఇంట్లో ఆ మూడక్షరాలు చలామణీలో ఉండేవి. పరీక్షలు బాగా రాశామని నేనూ తమ్ముడూ చెబితే "ఎస్.టి.సి." అనేవాడు. మార్కుల కార్డు చూశాకే బుగ్గ మీద ముద్దు. అమ్మ "పప్పులో ఉప్పు సరిపోయింది" అంటే నోట్లో పెట్టుకునేదాకా అదీ ఎస్.టి.సి.యే.

వేల ఓడల్ని చూశాడు కానీ ప్రయాణికుడిగా ఒక్క ఓడ ఎక్కలేదు. రిటైరయ్యాక అండమాన్ వెళ్దామని రెండుసార్లు అనుకున్నాం. ఒకసారి అమ్మకి కంటి ఆపరేషన్, ఇంకోసారి మా అబ్బాయికి పరీక్షలు. అలా ఆగిపోయింది.

తమ్ముడు సియాటిల్‌లో స్థిరపడ్డాడు. అక్కణ్ణుంచి వేసవిలో అలాస్కాకి వారం రోజుల క్రూయిజులు బయల్దేరతాయి. 2014 జనవరిలో ఫోన్ చేసి, "నాన్నని ఓడ ఎక్కిద్దాం అక్కా, మంచుకొండలు నీళ్ళలోకి విరిగిపడే చోటికి తీసుకెళ్తుంది" అన్నాడు. నేను నాన్నకి చెప్పాను. ఖర్చెంత అని అడుగుతాడనుకున్నాను. "మంచు దగ్గరికే పోతుందా ఓడ?" అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు.

అమ్మకి మాత్రం బోలెడు అడ్డంకులు. 70 ఏళ్ళ వయసులో చలిదేశం ఏమిటి, చీర మీద ఏం తొడుక్కోవాలి, గుడ్డు కూడా తినని మనిషికి ఓడలో ఏం పెడతారు. ఊటీ వెళ్ళినప్పుడు కొన్న స్వెటర్లు, మంకీ క్యాపులు బీరువా అడుగు నుంచి తీసి ఎండలో వేశాం. జెమినీ ఫ్లైఓవర్ పక్కన అమెరికన్ కాన్సులేట్ ముందు ఏప్రిల్ ఎండలో వరసలో నిలబడ్డాం. ఓడ ఒక రాత్రి కెనడాలో ఆగుతుంది కాబట్టి కెనడా వీసా కూడా తీసుకోవాలి. ఆ రెండు నెలలూ కాగితాల టెన్షన్ తప్ప ఇంకేం గుర్తులేదు నాకు.

సియాటిల్ నుంచి సియాటిల్‌కే తిరిగొచ్చే ఓడ, మధ్యలో కొన్ని గంటల కోసం కెనడాలోని విక్టోరియాలో ఎందుకు ఆగుతుందో తమ్ముడికే తెలీదు. నాన్న చెప్పాడు. పరదేశపు జెండా కట్టిన ఓడలు అమెరికా రేవుల మధ్యే తిరుగుతూ ప్రయాణికుల్ని మోయకూడదని 1886 నాటి చట్టం ఉంది, మధ్యలో ఏదో ఒక పరాయి రేవు తగలాలి. "కాబొటాజ్ అంటార్రా దీన్ని, మనకీ ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉన్న కొడుక్కి అక్కడి చట్టం వివరించి చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూసి తీరాల్సిందే.

జూన్ రెండో వారంలో ఓడ ఎక్కాం. ఎక్కగానే అందరూ లైఫ్‌బోట్ డ్రిల్లుకి రావాలి. చాలామంది ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. నాన్న మాత్రం పడవ నంబరు, మెట్ల దారి పుస్తకంలో రాసుకున్నాడు. అది ఆయన పాత పద్ధతి పుస్తకమే, జేబులో పట్టేది, రబ్బరు బ్యాండు చుట్టింది. ఈ ప్రయాణం కోసమని ట్రిప్లికేన్ హైరోడ్డులో కొత్తది కొని తెచ్చుకున్నాడు.

రెండో రోజంతా సముద్రమే. వాంకూవర్ దీవికి పడమట ఓపెన్ సముద్రంలో ఓడ ఊగడం మొదలుపెట్టింది. అమ్మ మంచం దిగలేదు. అప్పుడు మా టేబుల్ దగ్గర వడ్డించే కుర్రాడు ఒక పళ్ళెంలో పచ్చ యాపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు పట్టుకుని క్యాబిన్‌కి వచ్చాడు. ఓడల్లో కడుపులో తిప్పితే ఇచ్చేది అదేనట. నాన్న అతని పలుకు విని "ఎంద ఊరు తంబీ?" అన్నాడు. తూత్తుకుడి. వాళ్ళ నాన్న కూడా హార్బరు మనిషేనట. ఇక చూడండి, ఇద్దరూ గుమ్మంలోనే నిలబడి అరగంట అరవంలో మాట్లాడుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆ అబ్బాయి అమ్మ వైపు తిరిగి "అమ్మా, తయిర్ సాదం పోదుమా?" అని అడిగాడు. ఆ రాత్రి నుంచి చివరి రోజు దాకా అమ్మకి పెరుగన్నం తప్పలేదు. అల్లం, పచ్చిమిర్చి సన్నగా తరిగి, ఆవాల తాళింపు పెట్టి తెచ్చేవాడు. ఎవరితో చేయించేవాడో, ఎప్పుడు చేయించేవాడో. అమ్మ ఇప్పటికీ పెరుగన్నం కలిపేటప్పుడు ఆ పిల్లాణ్ణి తలుచుకుంటుంది.

మూడో రోజు జూనో. అలాస్కా రాజధాని అది, కానీ ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలోనో, ఓడలోనో రావాలి. వెనక కొండలు, ముందు నీళ్ళు. ఊరికి పన్నెండు మైళ్ళ దూరంలో మెండెన్‌హాల్ గ్లేసియర్. అంతదాకా గ్లేసియర్ అంటే ఏదో కొండ మీది మంచు అనుకున్నాను. కాదు, అది నది. గడ్డకట్టిన నది, కొండల మధ్య వంపులు తిరుగుతూ పదమూడు మైళ్ళ పొడవున కిందికి దిగుతుంది. ఎన్నో ఏళ్ళ మంచు మీద మంచు పడి, బరువుకి అడుగు మంచు గట్టిపడి, తన బరువుకి తనే జారుతూ వస్తుంది. చూపించడానికి 1962లో ఒక భవనం కట్టారు. "నేను ఉద్యోగంలో చేరిన మరుసటేడు" అన్నాడు నాన్న. కట్టినప్పుడు మంచు చాలా దగ్గరగా ఉండేదట. మేం వెళ్ళేసరికి పెద్ద సరస్సుకి అవతలి వైపు, దూరంగా ఉంది. ఆ సరస్సు కూడా మంచు వెనక్కి పోయాక మిగిలిన గుంటలో నిండిన నీళ్ళే.

సరస్సు ఒడ్డున రాళ్ళ మధ్యకి చిన్న చిన్న మంచుముక్కలు కొట్టుకొచ్చి ఉన్నాయి. నాన్న వంగి టెంకాయంత ముక్కని రెండు చేతుల్తో ఎత్తాడు. గాజులా ఉంది. మన ఫ్రిజ్ మంచులో మధ్యన తెల్లగా మసక ఉంటుంది కదా, దీనిలో అది లేదు. లోపలికి చూస్తే నాన్న చేతి గీతలు కనబడుతున్నాయి, వంకర తిరిగి, పెద్దవిగా. జేబురుమాల తీసి దానిలో చుట్టి, వాచీ చూసుకుని, బస్సు ఆగే చోటికి నడక మొదలుపెట్టాడు. చేతులు ఎర్రబడిపోతున్నాయి, పారేయమని అమ్మ వెంటపడింది. వినలేదు. బస్సు దగ్గర రుమాల విప్పి చూశాడు. నిమ్మకాయంత మిగిలింది. చొక్కా ముందంతా తడి.

"షార్ట్ ల్యాండెడ్" అన్నాడు మెల్లగా. తక్కువగా దిగిన సరుక్కి వాళ్ళ మాట. ఆ నిమ్మకాయంత ముక్కని తీసుకెళ్ళి, కాస్త గడ్డి చూసి అక్కడ పెట్టాడు.

స్కాగ్‌వే గురించి ఎక్కువ చెప్పను. కొండ రైలు ఎక్కాం, లోయలు చూశాం, ఫొటోలు దిగాం. 1890లలో క్లోండైక్‌లో బంగారం దొరికిందని జనం ఎగబడ్డ ఊరు అది. కనుమ దాటి కెనడాలోకి వెళ్ళాలంటే ఒక్కో మనిషి ఏడాదికి సరిపడా సరుకు, సుమారు ఒక టన్ను, వెంట తీసుకుపోవాలి. వీపు మీద విడతలు విడతలుగా మోసుకుంటూ అదే కొండ పదులసార్లు ఎక్కి దిగేవాళ్ళట. టన్ను అంటే మాకు ఒక అంకె. నాన్నకి అది కళ్ళకి కనబడుతుంది. మ్యూజియంలో ఆ మనుషుల వరస ఫొటో ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

ఇక గ్లేసియర్ బే రోజు.

తెల్లవారుజామునే లేచాం. తెల్లవారడం అనేది అక్కడ పేరుకే, జూన్‌లో రాత్రి పది దాకా సూర్యుడు ఉంటాడు, ఆ తర్వాత కూడా పూర్తిగా చీకటి పడదు. సంధ్యాదీపం ఎప్పుడని అమ్మకి రోజూ సందేహమే. ఓడలో దీపం వెలిగించకూడదు కాబట్టి, పదింటికి పడమటి కిటికీ దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకునేది.

ఓడ అఖాతంలోకి వెళ్తుండగా ఒక చిన్న బోటు వచ్చి పక్కన చేరింది. నడుస్తున్న ఓడ పక్కనే అదే వేగంతో వస్తూ ఉంది. పైనుంచి తాళ్ళ నిచ్చెన వదిలారు. టోపీలు పెట్టుకున్న పార్కు రేంజర్లు ఒక్కొక్కరే ఆ నిచ్చెన పట్టుకుని ఓడలోకి ఎక్కారు. "పైలట్ ల్యాడర్!" అని నాన్న చిన్నపిల్లాడిలా అరిచాడు. హార్బరులో ఓడని లోపలికి తెచ్చే పైలట్లు అలాగే ఎక్కుతారట, అది కింద నుంచే చూశాడు కానీ ఓడ మీద నుంచి చూడటం అదే మొదటిసారి.

ఆ రేంజర్లు మైకులో చెప్పిన సంగతులు నాకు బాగా గుర్తున్నాయి. 1794లో జార్జ్ వాంకూవర్ ఓడల వాళ్ళు ఇటు వచ్చినప్పుడు ఇక్కడ అఖాతమే లేదు. అంతా మంచే, అంచున చిన్న నొక్కు మాత్రం ఉంది. 1879లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి ప్రేమికుడు పడవలో వచ్చేసరికి మంచు పదుల మైళ్ళు వెనక్కి పోయి, సముద్రం లోపలికి వచ్చేసింది. 1916 నాటికి మొత్తం 65 మైళ్ళు. నాన్న మనసులోనే గుణించి "సెంట్రల్లో రైలెక్కి నాయుడుపేటలో దిగినంత" అన్నాడు. ఆ లైన్లో ఎన్ని వందలసార్లు తిరిగాడో. గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, అదంతా మంచు ఉండి, నూటపాతికేళ్ళలో కరిగి సముద్రం అయిందనుకోండి. నాకు ఆ మాటతోనే ఒళ్ళు జలదరించింది. అంత బరువు తగ్గేసరికి అక్కడి నేల కూడా ఏటేటా అంగుళం పైన లేస్తోందట, మోపు దించిన మనిషి నడుము నిలబెట్టినట్టు.

రేంజర్లతో పాటు ఆ నేల మనిషి ఒకావిడ కూడా ఎక్కింది. క్లింకిట్ జాతి. వాళ్ళ పూర్వీకులు ఆ అఖాతం ఉన్న చోటే ఊళ్ళు కట్టుకుని బతికారు. మంచు కదిలి, పరిగెత్తే కుక్కంత వేగంగా మీదికొచ్చిందని వాళ్ళ పెద్దలు చెప్పుకునే కథ. అందరూ పడవలెక్కి వెళ్ళిపోతే ఒక ఆడమనిషి మాత్రం ఊరు వదలకుండా ఉండిపోయిందట. ఆవిడ అది చెబుతున్నప్పుడు మైకు దగ్గర గొంతు కొంచెం తగ్గించింది. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నేను చెవిలో చెప్పాను. "అవునే, ఎవరో ఒకరు ఉంటారు" అంది.

పది గంటలకి మార్జెరీ గ్లేసియర్ ముందుకి చేరాం. ఓడ ఇంజన్ చప్పుడు తగ్గిపోయింది. మైలు వెడల్పున మంచు గోడ, నీటి మీద 250 అడుగుల ఎత్తు. ఎల్ఐసీ బిల్డింగుని మించిన ఎత్తు, అలాంటి బిల్డింగులు పక్కపక్కనే వరసగా ఒక మైలు పొడవున నిలబెట్టినట్టు. వెనక 21 మైళ్ళ పొడవు. తెలుపు అనుకుని వెళ్ళాం, అది నీలం. పగుళ్ళ లోపల మరీ ముదురు నీలం. "ఎవరో బట్టలకి నీలిమందు ఎక్కువ పెట్టారు" అంది అమ్మ. వందల ఏళ్ళ బరువుకి మంచులోంచి గాలి బుడగలు నలిగిపోయి అంత చిక్కనవుతుందని, అలాంటి మంచు ఎరుపు వెలుగుని మింగేసుకుని నీలాన్ని వదిలేస్తుందని రేంజరు చెప్పింది. పక్కన నల్లటి మట్టిదిబ్బ ఒకటి ఉంది. అది కూడా గ్లేసియరే, గ్రాండ్ పసిఫిక్. ఒకప్పుడు 65 మైళ్ళూ నిండి ఉన్నది అదేనట. ఇప్పుడు రాళ్ళూ మట్టీ కప్పుకుని, చూస్తే ఎవరూ మంచు అనుకోరు. అందరూ నీలం గోడకి ఫొటోలు తీస్తున్నారు. నాన్న ఆ నల్లదాని వైపు కూడా తిరిగి కాసేపు నిలబడ్డాడు.

నీళ్ళ నిండా ముక్కలు తేలుతున్నాయి. చెవి పెట్టి వింటే సన్నగా చిటపటలు. పెద్ద మూకుడులో పేలాలు వేగుతున్నట్టు, చుట్టూ అంతటా. మంచులో ఇరుక్కున్న పాతకాలపు గాలి బుడగలు, కరిగినప్పుడు పేలుతున్నాయట. మూడువేల మంది ఉన్న ఓడలో ఆ చప్పుడు వినబడిందంటే జనం ఎంత నిశ్శబ్దంగా ఉన్నారో చూడండి.

మొదటి ముక్క విరిగింది. గోడ మీద నుంచి ఒక పెచ్చు జారి నీళ్ళలో పడింది, నీళ్ళు లేచాయి, అంతా అయిపోయాక అప్పుడు వచ్చింది చప్పుడు. ఉరుము లాగా, కొండలకి తగిలి దొర్లుతూ. క్లింకిట్ వాళ్ళు దీన్ని తెల్ల ఉరుము అంటారట. "మా ఊళ్ళో పెన్న అవతల చాకిరేవు" అన్నాడు నాన్న. "గుడ్డ బండ మీద పడ్డం కనబడేది, దెబ్బ తర్వాత వినబడేది. ఇదీ అంతే." ఇంగ్లీషులో ఈ విరిగిపడటాన్ని కావింగ్ అంటారు, ఆవు ఈనడానికీ అదే మాట. చెప్పగానే అమ్మ ముఖం విప్పారింది. "ఈనుతోందన్న మాట!" ఆ తర్వాత ప్రతి ముక్కకీ "ఇదిగో, ఇంకోటి ఈనింది" అనేది.

నాన్న పుస్తకం తీశాడు. పెన్సిల్ తీశాడు. కటకటాలకి ఆనుకుని, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక ముక్క, ఒక గీత. ఇంకోటి, ఇంకో గీత. రిటైరై పదహారేళ్ళు దాటినా ఆ నిలబడే తీరు మారలేదు. ఒక కాలు కొంచెం ముందుకి, పుస్తకం ఎడమ అరచేతిలో, చూపు సరుకు మీద. చిన్నప్పుడు ఒకసారి ఏదో మర్చిపోయాడని క్యారియర్ పట్టుకుని హార్బరు గేటు దాకా వెళ్ళినప్పుడు దూరం నుంచి చూశాను ఆ భంగిమ. మళ్ళీ ఇక్కడ.

మూడు కట్టలు నిండి రెండు గీతలయ్యాయి. పదిహేడు. అమ్మ చేతులు కొంకర్లు పోతున్నాయంటే, వేడినీళ్ళు తెస్తానని నాన్న లోపలికి వెళ్ళాడు. అప్పుడే ఓడ మెల్లగా తిరుగుతోంది, సీల్ జంతువులు మంచుతెప్ప మీద పడుకున్నాయంటే నేనూ తమ్ముడూ రెండో వైపుకి పరిగెత్తాం. అప్పుడు వినబడింది. అంతకు ముందు వినని చప్పుడు. కాళ్ళ కింద డెక్ అదిరింది. మేం వెనక్కి పరిగెత్తి వచ్చేసరికి గోడ దగ్గర పొగలా మంచుపొడి, ఓడ వైపు బారుగా వస్తున్న అల. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"మన పార్థసారథి గుడి గోపురం అంత ముక్క. విరగలేదే అమ్మాయ్. నిలబడ్డది నిలబడ్డట్టే, కూర్చున్నట్టు దిగిపోయింది."

నాన్న కప్పు పట్టుకుని వచ్చాడు. అమ్మ చెప్పింది. ఆయన విన్నాడు. "చప్పుడు విన్నాను" అన్నాడు. పుస్తకం తీయలేదు.

"గీయండి మరి."

"చూడలేదే."

"నేను చూశానుగా!"

"నువ్వు చూశావు. నేను చూడలేదు."

"నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. నా మాట మీద ఒక్క గీత గీయలేరు." అమ్మ వేడినీళ్ళు తాగలేదు. ఆ పూటంతా మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర తూత్తుకుడి అబ్బాయి ఇద్దరి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా ఆ రోజు పెరుగన్నం రెండు గిన్నెల్లో తెచ్చి ఒకటి నాన్న ముందు పెట్టాడు.

కెచికాన్‌లో వాన. అక్కడ ఎప్పుడూ వానేనట. పొడవాటి దేవదారు మానుల మీద చెక్కిన కాకి, గద్ద, తిమింగలం బొమ్మలు చూశాం. నిజం తిమింగలాలు ఆ మధ్యాహ్నం కనబడ్డాయి. చలికాలమంతా హవాయి దగ్గర పిల్లల్ని కని, వేసవిలో తిండి కోసం ఇంత దూరం ఈదుకుంటూ వస్తాయట. ఆ పాటికి అమ్మా నాన్నా మాట్లాడుకుంటున్నారు. విక్టోరియాలో రాత్రి దిగి పూలకుండీలున్న వీధిలో నాలుగడుగులు వేసి వచ్చాం. 1886 చట్టానికి దణ్ణం పెట్టుకున్నట్టయింది అన్నాడు తమ్ముడు.

తిరిగొచ్చాక నాన్న బీచికి వెళ్ళేటప్పుడు ఐస్ హౌస్ ముందు ఆగడం మాత్రం మానలేదు. మా అబ్బాయికి అదే కథ చెప్పేవాడు. కానీ చివర్న ఆ ప్రశ్న అడగడం మానేశాడు. రంపప్పొట్టు గురించి చెప్పేటప్పుడు మాత్రం రెండు అరచేతులూ ముందుకి చాపేవాడు, ఏదో పట్టుకున్నట్టు.

2018 ఆగస్టులో నాన్న పోయాడు. నిద్రలోనే. ఏడాది పండగలు చేయలేదు. 2020 భోగికి అమ్మ పాత సామాను తీద్దామంది. రేకు పెట్టె విప్పాం, ఆయన సెంట్రల్లో దిగినప్పుడు తెచ్చిన ఆ పెట్టే. రబ్బరు బ్యాండు పట్టుకోగానే పుటుక్కున తెగిపోయింది. లైఫ్‌బోట్ నంబరు, మెట్ల దారి. జూనో, మంచు ఎత్తిన టైము, దించిన టైము. ఆ తర్వాతి పేజీలో పెన్సిల్ గీతలు. ఐదు, ఐదు, ఐదు, రెండు.

ఆ రెండింటి పక్కన ఇంకో గీత ఉంది. పెన్సిల్ కాదు, నీలం బాల్‌పెన్. ఎప్పుడు గీశాడో తెలీదు. దాని పక్కనే, చిన్న అక్షరాల్లో, ఎస్.టి.సి.

అమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పేజీని వెలుతురు వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసి, ఆ గీత మీద వేలు పెట్టింది.

"పెద్ద ముక్కే అమ్మాయ్ అది" అంది. "గోపురం అంత."